స్పెక్ట్రమ్‌కి, బీబీసీ మైక్రోకి గేమ్స్ ఎక్కించాలంటే ఏ డివైస్ కొనాలి?

మీ ప్రశ్న ఇదీ: మేనమామ ఇంట్లో దొరికిన డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ ఒకటి, కడపలో స్కూలు పాత సామాన్లలో వచ్చిన బీబీసీ మైక్రో మోడల్ బీ ఇంకొకటి ఉన్నాయి. రెండూ 1980ల నాటి ఇంటి కంప్యూటర్లు, గేమ్స్ క్యాసెట్ల నుంచి ఎక్కించేవి. ఆ క్యాసెట్లన్నీ బూజు పట్టాయి. రెండింటికీ కలిపి ఒకే ఎస్‌డీ కార్డు డివైస్ సరిపోతుందా?

ఒకటే కావాలంటే మ్యాక్స్‌డ్యూయినో ఉంది. ఆర్డుయినో నానో, ఎస్‌డీ కార్డు మాడ్యూలు, చిన్న డిస్‌ప్లే, చిన్న యాంప్లిఫయర్ కలిపి చేసుకునే డిజిటల్ టేప్‌రికార్డర్ అది. స్పెక్ట్రమ్‌కి టాప్, టీజెడ్‌ఎక్స్ ఫైళ్లు, బీబీసీకి యూఈఎఫ్ ఫైళ్లు (ఇవన్నీ టేపులకు కంప్యూటర్ నకళ్లు) వినిపిస్తుంది. అయితే టేపు వేగం టేపుదే, 48కే గేమ్ ఎక్కడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. రోజూ ఆడే ఉద్దేశం ఉంటే మెషీన్‌కొకటి వేరుగా కొనడమే మేలు.

ఏదైనా కొనేముందు కరెంటు సంగతి చూడండి. స్కూలు నుంచి వచ్చిన బీబీసీ అంటే స్కూళ్లకు కంప్యూటర్లిచ్చేందుకు 1984లో మొదలైన క్లాస్ అనే ప్రభుత్వ పథకం కిందిది అయ్యుండొచ్చు. దాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. పవర్ సప్లైలో మెయిన్స్ దగ్గర పసుపు పచ్చగా, అద్దంలా కనిపించే కండెన్సర్లు ఉంటాయి. వాటి పైతొడుగు ఏళ్లు గడిచేకొద్దీ వెంట్రుకంత పగుళ్లిచ్చి, లోపలి కాగితం తేమ పీల్చుకుంటుంది. స్విచ్ వేసిన కొద్ది నిమిషాలకే పేలి ఇల్లంతా పొగ, కంపు. పాతదాని మీద ఎంత విలువ ఉందో అంతే, సాధారణంగా 0.1, 0.01 మైక్రోఫారడ్, ఎక్స్2 అని రాసి ఉన్న 275 వోల్టుల ఏసీవి వేయించండి. ఫ్యాన్లు బాగుచేసే షాపులో ఉన్న ఫ్యాను కండెన్సర్ దీనికి పనికిరాదు. ఇంకో మాట: ప్లగ్గు తీసేసినా లోపలి పెద్ద కండెన్సర్‌లో 320 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. పది నిమిషాలు ఆగి, మల్టీమీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టాలి.

స్పెక్ట్రమ్‌కి 9 వోల్టుల డీసీ కావాలి, జాక్‌లో లోపలి పిన్ను మైనస్. మన ఇళ్లలో ఉండే రౌటర్ల అడాప్టర్లలో సాధారణంగా లోపల ప్లస్ ఉంటుంది. జాక్ పట్టింది కదా అని పెడితే మెషీన్ పోతుంది. ఒకటిన్నర నుంచి రెండు ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ తీసుకొని, పెట్టేముందు ప్లస్, మైనస్ ఎటున్నాయో మల్టీమీటర్‌తో చూడండి.

తర్వాత పైసా ఖర్చు లేకుండా ఫోన్‌తో పరీక్షించండి. టేపు ఫైలును కంప్యూటర్‌లో వేవ్ ఫైలుగా మార్చండి. ఎంపీ3 వద్దు, ఆ కుదింపులో తరంగాల అంచులు మొద్దుబారిపోతాయి. ఫోన్ ఇయర్‌ఫోన్ జాక్ నుంచి స్పెక్ట్రమ్ ఇయర్ సాకెట్‌కి వైరు పెట్టి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, ఈక్వలైజర్ ఆపేయండి. వాల్యూమ్ పూర్తిగా పెంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రండి. జే కీ నొక్కితే లోడ్ అనే పదం మొత్తం వస్తుంది, ఆ వెంట కోట్ గుర్తు రెండుసార్లు, ఎంటర్. స్క్రీన్ అంచున ఎరుపు, లేత నీలం గీతలు వస్తే పైలట్ టోన్ (డేటాకి ముందు ఒకే తీరుగా మోగే శబ్దం) వినబడుతున్నట్టు, నీలం పసుపు గీతలు వస్తే డేటా చదువుతున్నట్టు. గీతలే రాకపోతే సౌండు చాలలేదు లేదా వైరు తేడా. ఈ పరీక్షలో గేమ్ ఎక్కిందంటే మెషీన్ బాగున్నట్టే, ఇక డివైస్ కొనొచ్చు.

స్పెక్ట్రమ్‌కి డివ్‌ఎంఎంసీ కొనండి, అది వెనక కనెక్టర్‌కు తగిలే ఎస్‌డీ కార్డు డివైస్. ఎస్‌డీ కార్డును ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఈఎస్‌ఎక్స్‌డాస్‌లోని బిన్, సిస్ ఫోల్డర్లను కార్డులో బయటే, వేరే ఫోల్డర్‌లో దాచకుండా, వేయాలి. డివైస్ రోమ్‌లోని (ప్రోగ్రాము శాశ్వతంగా ఉండే చిప్పు, ROM) ఈఎస్‌ఎక్స్‌డాస్ వెర్షనూ కార్డులోని వెర్షనూ ఒకటే కాకపోతే మొదలుకాదు. "కార్డు పాడైంది" అని అడిగేవాళ్లలో చాలామందిది ఇదే. డివైస్ మీది బటన్ నొక్కితే ఫైళ్ల జాబితా వస్తుంది, గేమ్ రెండు మూడు సెకన్లలో ఎక్కుతుంది. స్పీడ్‌లాక్ లాంటి సొంత లోడర్ ఉన్న గేమ్స్ మాత్రం టాప్ ఫైలు నుంచి రావు, ఎందుకంటే ఈ డివైస్ స్పెక్ట్రమ్ రోమ్‌లోని మామూలు టేపు రొటీన్‌నే పట్టుకుంటుంది. వాటికి స్నాప్‌షాట్ ఫైలు (గేమ్ ఎక్కాక మెమరీని ఉన్నదున్నట్టు నకలు తీసింది) తెచ్చుకోండి.

వెనక కనెక్టర్‌లో పెట్టేటప్పుడు, తీసేటప్పుడు అడాప్టర్ తప్పకుండా పీకేసి ఉండాలి. అక్కడ 9 వోల్టుల పట్టీ 5 వోల్టుల పట్టీ పక్కనే ఉంటుంది. కొంచెం పక్కకు జరిగి ముట్టుకుంటే 4116 మెమరీ చిప్పులు, వాటికి కరెంటిచ్చే టీఆర్4 ట్రాన్సిస్టర్ రెండూ పోతాయి. మన దగ్గర మే నెల ఎండలో 9 వోల్టులను 5కి తగ్గించే లోపలి 7805 రెగ్యులేటర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, డివైస్ తగిలిస్తే ఇంకా ఎక్కువ. దాని స్థానంలో రెండు ఆంపియర్లు మోసే స్విచింగ్ రెగ్యులేటర్ వేయిస్తే ఆ బాధ తగ్గుతుంది. విడిభాగాలు కడపలో దొరక్కపోతే బెంగళూరు ఎస్పీ రోడ్డులో చూడండి.

బీబీసీకి అందరూ గోటెక్ కొనమంటారు. అది ఫ్లాపీ డ్రైవ్ బదులు పెట్టేది. మోడల్ బీలో డిస్క్ కంట్రోలర్ చిప్, 8271 గానీ 1770 గానీ, లేకపోతే గోటెక్ తగిలించడానికే వీలుండదు. ప్లగ్గు తీసి, పై మూత విప్పి లోపల చూడండి, కంట్రోలర్ వేయించని వాటిలో ఆ చిప్పు సాకెట్ ఖాళీగా ఉంటుంది. అలాంటప్పుడు యూజర్ పోర్టుకు తగిలే ఎంఎంఎఫ్‌ఎస్ (బీబీసీ చేత ఎస్‌డీ కార్డు చదివించే సాఫ్ట్‌వేర్) కార్డు అడాప్టరే చవక. దాంతోపాటు ఎంఎంఎఫ్‌ఎస్ రోమ్ చిప్పును లోపలి ఖాళీ రోమ్ సాకెట్‌లో పెట్టాలి. 2 జీబీ లేదా అంతకంటే చిన్న కార్డు అయితే గొడవ ఉండదు. కార్డును ఫార్మాట్ చేయగానే మొట్టమొదట బీబ్.ఎంఎంబీ ఫైలునే కాపీ చేయండి, అది ముక్కలు ముక్కలుగా పడితే చదవదు. ఆ ఒక్క ఫైలులో 511 డిస్కులు పడతాయి. స్టార్ గుర్తు, డీఐఎన్, 12 అని కొడితే 12వ డిస్కు డ్రైవ్‌లో పెట్టినట్టే, షిఫ్ట్ పట్టుకొని బ్రేక్ నొక్కితే గేమ్ మొదలవుతుంది.

టేపు గేమ్‌ను ఆ డిస్కులోకి కాపీ చేసినా నడవకపోతే కంగారు పడొద్దు. డిస్క్ రోమ్ ఉంటే ప్రోగ్రాములకు మెమరీలో చోటు హెక్స్ 1900 అనే అడ్రసు నుంచి మొదలవుతుంది, టేపు గేమ్ హెక్స్ 0ఈ00 నుంచి ఉందనుకుని రాసింది. డిస్కు కోసం మార్చిన ఎస్ఎస్‌డీ ఫైలు (బీబీసీ డిస్కు నకలు) దొరికితే అదే వాడండి.