రోమ్ వెళ్తున్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

నువ్వు రోమ్ వెళ్తున్నావని మీ అమ్మ రాత్రి ఫోన్‌లో చెప్పింది. ఇళ్లూ గుళ్లూ కట్టే చదువు చదివి, వాటిని చూడ్డానికి అంత దూరం వెళ్తున్న పిల్ల మన ఇంట్లో నువ్వే. సంతోషంతో కొంత, భయంతో కొంత, నిద్ర పట్టలేదమ్మా.

పాస్‌పోర్టు ఒంటి మీదే ఉంచుకో. చర్చికి భుజాలు కప్పే బట్టలు వేసుకో. ఇవి నీకు తెలిసినవే. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా, సాంట్ ఇగ్నాజియో చర్చిలో తల పైకెత్తి నడవకు. చిన్నప్పుడు గాలిపటం చూస్తూ నూతిగట్టుకు కొట్టుకున్నావు. నీ గడ్డం కింద పడ్డ కుట్లు ఇప్పటికీ నా కళ్లలోనే ఉన్నాయి. నిలబడి చూడు, చూపు దించు, అప్పుడు అడుగెయ్యి.

ఆ చర్చి 1626లో మొదలుపెట్టారు. పైన గుండ్రటి గోపురం మాత్రం కట్టలేదు. ఆ చోట ఆండ్రియా పోజో అనే జెసూట్ (ఒక కాథలిక్ సన్యాసుల సంఘం) బ్రదర్ 1685లో బల్లపరుపు కాన్వాసు మీద గోపురం చిత్రించి పెట్టాడు. తర్వాత హాలు కప్పంతా బొమ్మలు ఆయనే వేశాడు. గోడలు ఆగినచోట రంగుల స్తంభాలు మొదలై ఆకాశంలోకి లేచిపోతాయి. వంపు తిరిగిన కప్పు మీద స్తంభం నిటారుగా కనబడాలంటే ఎంత కష్టమో, నలభై ఏళ్లు నాటకాల తెరలకు రంగులేసినవాణ్ని, నాకు తెలుసు. మన దర్బారు తెరలో స్తంభాలు నడిమధ్య కూర్చున్నవాడికే సరిగ్గా నిలబడతాయి, పక్కనున్నవాడికి ఒరుగుతాయి. అందుకే అక్కడ నేల మీద గుండ్రటి పాలరాయి పొదిగారు, ఇక్కడ నిలబడి చూడమని. గోపురానికి ఇంకాస్త ముందు మరో గుర్తు.

మీ అత్తయ్యా నేనూ అక్కడికి వెళ్లినప్పుడు నా తప్పు ఆ రెండో గుర్తు దగ్గరే జరిగింది. టూరు వాళ్లు ఇరవై నిమిషాలే ఇచ్చారు. మీ అత్తయ్య ఆ రాతి మీద ఆగిపోయింది. కొంగు జారినా చూసుకోలేదు. "ఎంత ఎత్తండీ!" అంది. నాకేమో పనివాడి పొగరు. గబగబా గోపురం కిందికే పోయి చూశాను. అక్కణ్నుంచి అది వంకరపోయి ఓ పక్కకి వాలిపోయింది. గుట్టు దొరికిందని వెనక్కొచ్చి, ఆమె చెయ్యి పట్టి లాక్కెళ్లి, "చూడు, ఉత్త గుడ్డ!" అన్నాను. ఆమె కాసేపు చూసి, "నన్నక్కడే ఉండనివ్వాల్సింది" అంది, మెల్లిగా. మళ్లీ ఆ రాతి దగ్గరికి వెళ్దామనేలోపు గైడు పిలిచాడు.

నా తెరలు చూసి "నిజం దర్బారులాగే ఉందండీ" అని ఏళ్ల తరబడి అన్న మనిషి ఆమె. ఆ మాటకి ప్రతిసారీ పొంగిపోయేవాణ్ని. అదే మాట పోజో పనికి దక్కుతుంటే ఒక్క నిమిషం ఆగలేకపోయాను. ఆమె పోయి ఆరేళ్లు. ఇప్పటికీ ఆ చెయ్యి లాగిన సంగతే గుర్తొస్తుంది.

నీ చదువుకి ఆ గుట్టు నాకంటే ముందే తెలుస్తుంది. తెలుసుకో, కాదనను. కాన్వాసు అంచు ఎక్కడ కలిపాడో చూసి నాకు రాయి. కానీ ముందు ఆ రాతి మీద నిలబడు. తొందరపెట్టేవాళ్లుంటే బయట ఉండమను. మెడ నొప్పెడితే కాసేపు బల్ల మీద కూర్చుని మళ్లీ లే.

దిగగానే ఫోన్ చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రైనా సరే, ఎత్తుతాను.

మావయ్య