ఓమ్నీలో 800 ఇంజిన్: సమాధానం

అన్నా, మారుతి 800 ఇంజిన్ మీ ఓమ్నీలో కూర్చోవడం లేదన్నారు కదా. రెండూ 796 సీసీ, మూడు సిలిండర్లే. కానీ 800లో ఇంజిన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది. ఓమ్నీలో సీటు కింద బండి పొడవు దిశలో ఉండి వెనుక చక్రాలను తిప్పుతుంది. అందుకే సంప్ (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి), అందులోంచి ఆయిల్ లాగే పికప్ పైపు, ఇంజిన్‌ను బండికి బిగించే మౌంట్లు, గేర్‌బాక్స్ మీ పాతవే వాడండి. ఎలాగూ విప్పారు కాబట్టి టైమింగ్ బెల్ట్, క్లచ్ ప్లేట్ కొత్తవి వేసేయండి, మళ్లీ దించడం నరకం. కొత్తది ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నది) అయితే ఈసీయూ (దాన్ని నడిపే కంప్యూటర్), వైరింగ్, ఫ్యూయల్ పంపు కూడా కావాలి, కార్బురేటర్ బండికి ఆ తలనొప్పి ఎందుకు? రేడియేటర్ ముందుంది, పైపులు పొడుగు. కూలెంట్ పోశాక ఆ పైపుల్లోని గాలి పూర్తిగా తీయకపోతే ఇంజిన్ హీటెక్కుతుంది. ఇంజిన్ నంబర్ మారుతుంది కాబట్టి ఆర్టీఓలో ఆర్సీపై ఎక్కించుకోండి. ఇంజిన్ ఏ బండి నుంచి తీశారో ఆ బండి కాగితాలు లేకుండా కొనకండి.