పెరుగన్నంలో మాత్ర

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడికి 23 ఏళ్లు. బీటెక్ చివరి ఏడాది నుంచి తేడాగా ఉన్నాడు. పక్కింటివాళ్లు గోడవతల తననే తిడుతున్నారంటాడు, ఫోన్ కెమెరాకి ప్లాస్టర్ అంటించాడు. ఎవరో చేతబడి అంటే తాయెత్తులూ కట్టించాం. చివరికి సైకియాట్రిస్టు రిస్పెరిడోన్ రాస్తే రెండు నెలల్లో మామూలు మనిషయ్యాడు. ఆ తర్వాత మందు వేసుకోనన్నాడు. అమ్మ మాత్ర పొడి చేసి పెరుగన్నంలో కలిపి పెట్టేది. పోయిన నెల చూసేశాడు. ఇప్పుడు అరటిపండ్లు, తానే ఒలుచుకునే ఉడికించిన గుడ్లు తప్ప ఏదీ ముట్టుకోవడం లేదు. ఇది స్కిజోఫ్రీనియానా? మందు ఎలా వేయించాలి? పెళ్లి చేస్తే కుదురుకుంటాడంటున్నారు.
– ఒక అక్క, తెనాలి

జవాబు: తొక్క ఉన్నవాటిలో ఎవరూ ఏమీ కలపలేరమ్మా, అందుకే అవే తింటున్నాడు. అన్నంలో ఏదో కలుపుతున్నారనే అనుమానం ఈ జబ్బులో మేం తరచూ చూస్తాం. మీ ఇంట్లో అది నిజమైపోయింది. అమ్మగారిని తప్పు పట్టను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో నేనూ ఒక తండ్రికి ‘కూరలో కలిపెయ్యండి’ అని చెప్పినదాన్నే. విషయం తెలిశాక ఆ అబ్బాయి చాలాకాలం తండ్రి చేత్తో మంచినీళ్లు కూడా తీసుకోలేదు. మళ్లీ ఎవరికీ ఆ సలహా ఇవ్వలేదు.

ముందు అమ్మగారే నోరు విప్పి చెప్పాలి: ‘కలిపింది నేనే నాన్నా, భయమేసి కలిపాను. ఇక కలపను.’ కొన్నాళ్లు అందరూ ఒకే గిన్నెలోది తినండి, అతన్నే వడ్డించుకోనివ్వండి.

అసలు మందు ఎందుకు వద్దన్నాడో మీ ఉత్తరంలో లేదు. ఈ మందుతో కొందరికి చేతులు వణుకుతాయి, కాళ్లు ఒకచోట నిలవవు, బరువు పెరుగుతారు. మగవాళ్లకి ఒక్కోసారి ఛాతీ పెరుగుతుంది, కోరికలు తగ్గుతాయి. ఈ వయసు కుర్రాడు అక్కకీ అమ్మకీ ఇవి చెప్పుకుంటాడా? డాక్టర్ దగ్గర పది నిమిషాలు ఒక్కణ్నే కూర్చోనివ్వండి. డోసు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు. రోజూ మాత్రల గొడవే వద్దనుకుంటే రెండు, నాలుగు వారాలకోసారి చేసే ఇంజెక్షన్లున్నాయి. అదీ అతనికి చెప్పే, ఒప్పించే.

పక్కింటివాళ్లు తిడుతున్నారంటే ‘ఎవరూ అనట్లేదు’ అని వాదన పెట్టుకోకండి. ‘నాకు వినపడట్లేదురా, నీకు వినపడుతోంది కదా, భయంగా ఉందా?’ అనండి చాలు.

ఇక జబ్బు పేరు. మానసిక జబ్బులు తేల్చడానికి మేం చూసే పుస్తకం డీఎస్‌ఎం ప్రకారం లక్షణాలు ఆరు నెలలైనా సాగితేనే స్కిజోఫ్రీనియా అంటాం. గంజాయి, మూర్ఛ, థైరాయిడ్ వంటి కారణాలేవీ లేవని కూడా చూసుకోవాలి. ఆ తేల్చుకోవడం మీ డాక్టర్ పని. ప్రపంచంలో దాదాపు 300 మందిలో ఒకరికి ఉన్న జబ్బిది, మీ ఇంటికే వచ్చింది కాదు. మందుకి రెండు నెలల్లో తేరుకోవడం మంచి సూచన. కానీ తగ్గాక కూడా ఏడాది, రెండేళ్లు వాడాలి. మధ్యలో ఆపితే చాలామందికి తిరగబెడుతుంది.

పెళ్లి డోసు ఎంతో నా పుస్తకాల్లో ఎక్కడా రాయలేదు. సంగతి దాచి చేస్తే ఆ అమ్మాయికి పెట్టేదీ పెరుగన్నమే.

తిండి పూర్తిగా మానేసినా, చచ్చిపోతానన్నా, ఎవరి మీదికైనా వెళ్లినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. అర్ధరాత్రి ఏం చెయ్యాలో తోచకపోతే మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.