ఫైనాన్స్ చదివే అమ్మాయికి చిత్రకళ ఎందుకు?

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీలో ఫైనాన్స్ ప్రధానాంశంగా చదువుతున్నాను. వచ్చే సెమిస్టర్‌కు ఒక ఎలక్టివ్ ఎంచుకోవాలి. లలితకళల ఆస్వాదన కోర్సు చేయాలని ఉంది, కానీ నాకు బొమ్మలు వేయడం రాదు. దాని బదులు ఇంకో ఫైనాన్స్ పేపరు తీసుకుంటే ఉద్యోగానికి పనికొస్తుందని ఇంట్లో అంటున్నారు. మార్కులు తేలిగ్గా వస్తాయి, తీసుకోమని స్నేహితులు అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: తీసుకో తల్లీ. తేలిగ్గా మార్కులొస్తాయన్న ఆశతో మాత్రం వద్దు. బొమ్మలు వేయడం రాకపోవడం అడ్డే కాదు. రాగం తీయడం రానివాళ్లు సంగీతం వినడం మానేస్తున్నారా?

నేను చాలాకాలంగా ఫైనాన్స్ బోధిస్తున్నాను. ఆస్తికి విలువ కట్టడమెలాగో చెప్పేటప్పుడు మేము మొదట నేర్పేది ఇదీ: ఆ ఆస్తి మున్ముందు తెచ్చిపెట్టే నగదును అంచనా వేయాలి, తగిన రేటుతో తగ్గించి నేటి విలువకు తేవాలి. బాండుకు వడ్డీ ఉంది, షేరుకు డివిడెండ్ ఉంది, ఇంటికి అద్దె ఉంది. గోడకు వేలాడే చిత్రానికి ఇవేవీ లేవు. పైసా రాబడి లేకపోగా బీమాకూ భద్రతకూ ఎదురు ఖర్చు. అయినా మనుషులు దాన్ని కొంటారు, తరతరాలు కాపాడుకుంటారు, దాని ముందు నిలబడి సమయం మరచిపోతారు. మా సూత్రానికి అక్కడ మాట పడిపోతుంది. ఒక సూత్రం ఎంతవరకు పనిచేస్తుందో తెలియకపోతే దాన్ని సగమే నేర్చుకున్నట్టు.

కోర్సులో ఏం చేయిస్తారో ఒక ఉదాహరణ చెబుతాను. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో క్వెంటిన్ మాసిస్ 1514లో వేసిన చిత్రం ఒకటుంది. వడ్డీ వ్యాపారి, పక్కన అతని భార్య. మంచి అధ్యాపకులు దీన్ని చూపించి వెంటనే అర్థం చెప్పరు. ముందు కనబడేదంతా రాయమంటారు. ‘అద్భుతం’, ‘అందం’ వంటి మాటలు అప్పుడే వాడవద్దంటారు. రాయడం మొదలుపెట్టు. అతని చేతిలో చిన్న త్రాసు. బల్ల మీద నాణేలు, ముత్యాలు. ఆమె ముందు బొమ్మలున్న ప్రార్థనా పుస్తకం, వేళ్లు పేజీ తిప్పుతున్నాయి. కళ్లు? కళ్లు పుస్తకం మీద లేవు, నాణేల మీద ఉన్నాయి! ఇంకాస్త ఓపిక పడితే బల్ల అంచున చిన్న ఉబ్బెత్తు అద్దం కనబడుతుంది. అందులో ఒక కిటికీ, దాని దగ్గర ఒక మనిషి. చిత్రంలో మనకు నేరుగా కనబడని మరో వ్యక్తి అన్నమాట. అతనెవరు, అప్పు కోసం వచ్చాడా, ఆమె పేజీ ఎందుకు వదిలేసింది అన్న ప్రశ్నలు ఆ తరువాత వస్తాయి. నచ్చిందా లేదా అన్నది అన్నిటికన్నా చివర.

ఈ క్రమం కళ్లకు అలవాటైతే వార్షిక నివేదిక చదివే తీరు కూడా మారుతుంది. లాభం అంకె చూసి మురిసిపోకుండా అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వివరణల దాకా వెళతావు. అయితే ఆ ప్రయోజనం కోసమే కోర్సులో చేరమని నేను చెప్పను. ఆ చిత్రాన్ని అలా చూడగలగడమే నీకు దక్కే సంపద.

ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ గురించి ఎలాగూ చదువుతావు. 1918లో, ఇంకా ప్రపంచ యుద్ధం సాగుతుండగానే, చిత్రకారుడు డెగా కూడబెట్టుకున్న చిత్రాల సేకరణ పారిస్‌లో వేలానికి వచ్చింది. బ్రిటిష్ ఖజానా శాఖలో పనిచేస్తున్న కీన్స్ ప్రభుత్వాన్ని ఒప్పించి ఆ చిత్రాలు లండన్ నేషనల్ గ్యాలరీకి కొనడం కోసం సుమారు 20 వేల పౌండ్లు మంజూరు చేయించాడు. తనకోసం సెజాన్ గీసిన ఆపిల్ పండ్ల చిత్రం ఒకటి కొనుక్కున్నాడు. యుద్ధకాలపు లెక్కలు చూసే మనిషికి ఆ చిత్రాలు అనవసరం అనిపించలేదు.

ఇంట్లోవాళ్ల మాటను తీసిపారేయకు. వాళ్లు చెప్పే ఫైనాన్స్ పేపరు తరువాతి పేపర్లకు పునాది అయితే ముందు అదే చదువు, ఇది మరో సెమిస్టర్‌లో తీసుకో. పాఠ్యప్రణాళిక కూడా ఒకసారి చూడు. చిత్రకారుల పేర్లూ తేదీలూ బట్టీ పట్టించే కోర్సయితే వద్దు. చిత్రాల ముందు నిలబెట్టి రాయించేదైతే వదులుకోకు.

ప్రశ్న: నేను చిత్రకళ విద్యార్థిని. మాకు వ్యక్తిగత ఫైనాన్స్ కోర్సు తప్పనిసరి చేశారు. లెక్కలంటే విసుగు. కళాకారుడికి ఇది నిజంగా అవసరమా?

జవాబు: చాలా అవసరం నాయనా. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ బాగా సంపాదిస్తున్న రోజుల్లో, 1639లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో 13 వేల గిల్డర్లకు (ఆనాటి డచ్ డబ్బు) వాయిదాల మీద ఇల్లు కొన్నాడు. వేలాల్లో కళాఖండాలు కొంటూ పోయాడు. ఇంటి బాకీ మాత్రం తీరలేదు. 1656లో దివాలా తీశాడు. అప్పుడు అధికారులు అతని వస్తువులన్నిటికీ రాసిన 363 పద్దుల జాబితాను కళాచరిత్రకారులు నేటికీ చదువుతారు. అంతటి చేతికీ వాయిదా గడువు ఆగలేదు.

నీకు కావలసిన లెక్కలు పెద్దవేమీ కావు. నెలకు 3 శాతం వడ్డీ అంటే ఏడాదికి 36 అనుకుంటావు. కట్టకుండా వదిలేసి, వడ్డీని నెలనెలా అసలుకు కలుపుతూ పోతే అది 42.6 శాతం అవుతుంది. ఈ ఒక్క లెక్క నీ చేత్తో నువ్వే వేసి చూసుకో, విసుగు పోతుంది.

దీనికన్నా ముఖ్యమైనది అమ్మకపు పత్రం. అమెరికన్ చిత్రకారుడు రౌషెన్‌బర్గ్ చిత్రం ఒకటి 1958లో 900 డాలర్లకు అమ్ముడైంది. దాన్ని కొన్న స్కల్ అనే కళాసేకర్త దాన్నే 1973లో 85 వేల డాలర్లకు వేలంలో అమ్మాడు. అందులో చిత్రకారుడికి ఏమీ రాలేదు. తిరిగి అమ్మినప్పుడు కళాకారుడికి వాటా దక్కేలా ఫ్రాన్స్ 1920లోనే చట్టం చేసింది, కానీ ఆ హక్కు అన్ని దేశాల్లోనూ లేదు. చట్టం లేనిచోట ఒప్పందంలో రాయించుకోవాలి. మీ కోర్సులో ఒప్పంద పత్రాలు చదవడం లేకపోతే, ఒక్క తరగతి దానికి కేటాయించమని మీ అధ్యాపకులను అడుగు.