సింధూ, మట్టి బాట ఎక్కే ముందు ఇది చదువు

సింధూ,

సైకిల్ ఫోటో చూశాను, చాలా బాగుంది. సన్న టైర్ల రేసు సైకిల్ కాకుండా తారుకీ మట్టికీ రెండింటికీ పనికొచ్చే 40 ఎంఎం టైర్ల హైబ్రిడ్ తీసుకోవడం మంచి పని, మన ఊరి దారులకు అదే సరైంది. కానీ ఈ ఆదివారమే వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల దాకా వెళ్లొస్తానన్నావు చూడు, అది మాత్రం ఇప్పుడే వద్దమ్మా. అంత దూరం వెళ్లాక కాళ్లు లాగేస్తే వెనక్కి కూడా అంతే దూరం తొక్కాలి కదా. మొదట ఇంటికి దగ్గర్లోనే తిరుగు, నీ ఇంటి పక్కనే, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట, పైన సోలార్ ప్యానెళ్ల కప్పుతో ఉన్న సైకిల్ ట్రాక్ పెట్టుకుని ఎక్కడికో పోవడం దేనికి?

2023లో తెరిచిన ఆ ట్రాక్ మొత్తం 23 కిలోమీటర్లు, అందులో నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఉన్న 8.5 కిలోమీటర్ల ముక్క నీకు సరిపోతుంది. పోను, రాను 17, అవతల మట్టి బాట మీద ఓ మూడు కిలోమీటర్లు కలిపితే మొదటి రైడుకి అది చాలు. పైన ప్యానెళ్ల నీడ, పక్కన లారీల భయం లేదు కాబట్టి వేగం తెలియకుండానే పెరిగిపోతుంది, అక్కడే సగం శక్తి పోగొట్టుకోకు. ఎదురుగాలి ఉన్న రోజు వెళ్లేటప్పుడు కష్టంగా, వచ్చేటప్పుడు హాయిగా ఉంటుంది. అదే గాలి వెనకనుంచి తోస్తుంటే మాత్రం జాగ్రత్త, ఒంట్లో బలం ఎంత మిగిలిందో ఆ గాలి తెలియనివ్వదు. బెల్లు లేకపోతే ఈరోజే పెట్టించు.

ట్రాక్ అయిపోయాక, అప్పా జంక్షన్ అవతల హిమాయత్‌సాగర్ వైపు వెళ్తే ఎర్రమట్టి బాటలు, బండ్ల బాటలు దొరుకుతాయి. సిటీకి ఇంత దగ్గర్లో అవి ఇంకా ఎలా మిగిలాయో నీకు తెలియాలి. 1908లో మూసీ వరద వచ్చి హైదరాబాద్‌ని ముంచేశాక గండిపేట (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. ఆ నీళ్లు పాడవకూడదని 1996లో 111 జీవో తెచ్చి, చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల దాకా, 84 గ్రామాల్లో ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకుండా ఆపారు. ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 2022లో 69 జీవో ఇచ్చారు. నువ్వు వెళ్లే దారిలోనే కొత్త గేట్లు, ప్రహరీలు, ప్లాట్ల రాళ్లు కనిపిస్తాయి, నాకైతే వాటిని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అందుకే అంటున్నా, ఈ బాటలు ఉండగానే తిరుగు. ఒకరి పొలంలోంచి పోవాల్సి వస్తే అడిగి పో, కంచె ఉంటే దాటకు. మంచిరేవుల ట్రెక్ పార్కులోకి వెళ్లాలనిపిస్తే గేటు దగ్గర అడుగు, కాదంటే సైకిల్ తాళం వేసి నడిచి వెళ్లు. కేబీఆర్ పార్కులోకి సైకిల్ రానివ్వరు. అడవి లాంటి చోట ధైర్యంగా నేర్చుకోవాలంటే కొత్తగూడ పాలపిట్ట పార్కు ఉంది, దాన్ని సైకిళ్ల కోసమే కట్టారు, ముందు అక్కడ ఒక పూట తొక్కు.

ఇక అసలు విషయం టైర్లలో గాలి. షాపులో గట్టిగా కొట్టి పంపుతారు, తారు మీద అది బాగానే పరుగెడుతుంది, మట్టిలోకి దిగితే ప్రతి గులకరాయి మీదా ఎగిరెగిరి పడుతుంది. నీ బరువుకి, ఆ టైర్లకి ట్రాక్ మీద 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత, పంపు మీటరు మీద కనిపిస్తుంది) ఉంచు, మట్టిలో 35 దాకా దించు. ఇంకా దించితే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. మీటరున్న చిన్న పంపు కొనుక్కో, మళ్లీ ట్రాక్ ఎక్కేముందు గాలి కొట్టుకోవచ్చు.

ఆ వైపు సర్కారు తుమ్మ ఎక్కువ. ఎండిన ముల్లు టైరులో దిగితే వెంటనే పీకేయకు, అది చాలాసార్లు గాలిని పట్టి ఉంచుతుంది. నిదానంగా నీడకి వెళ్లాకే పని మొదలుపెట్టు. టైరు ఊడదీశాక లోపలంతా చేతివేళ్లతో మెల్లగా తడుముతూ చుట్టూ రా, ముల్లు మొన విరిగి లోపల ఉండిపోతుంది, కంటికి కనపడదు, వేలికి సూదిలా తగులుతుంది. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో మళ్లీ పంచర్. పల్లేరు కాయలున్న బీడులో అడుగు పెట్టనే వద్దు.

తొక్కేటప్పుడు రాయి వైపు చూడకు, చూసిన చోటికే చక్రం పోతుంది. రెండు రాళ్ల మధ్య ఖాళీ కనిపిస్తుంది కదా, కళ్లు దానిమీదే ఉండాలి. దిగుడులో సీటు మీంచి కొంచెం లేచి, రెండు పెడళ్లూ సమంగా పెట్టి, మోచేతులు వదులుగా ఉంచు. వదులు కంకర మీద మలుపులో ముందు బ్రేక్ గట్టిగా పట్టావంటే చక్రం జారిపోతుంది, మలుపుకి ముందే వేగం తగ్గించుకో. ఇసుకలో హ్యాండిల్ తిప్పకుండా నిటారుగా తొక్కేయాలి. ఎక్కుడు మొదలవ్వక ముందే గేరు మార్చు. గట్టిగా వాన పడిన మర్నాడు ఈ బాటల మీదికి రాకు, బురద బ్రేకుల్లో, చైన్‌లో ఇరుక్కుంటుంది, పైగా తడిసిన బండరాయి నూనె రాసినట్టు జారుతుంది.

కుక్కలు వెంటపడితే పరుగు తీయకు. దిగి, సైకిల్‌ని నీకూ దానికీ మధ్య పెట్టుకుని, గట్టిగా అదిలిస్తూ నడువు.

ఎండాకాలం అయితే ఐదున్నరకే బయల్దేరి ఎనిమిదిన్నరకి ఇంట్లో ఉండు. లీటరున్నర నీళ్లు, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్, రెండు అరటిపండ్లు, కొంచెం చిల్లర. హెల్మెట్ తప్పనిసరి. మట్టి బాటల్లోకి మాత్రం ఒంటరిగా వద్దు, నీతో ఇంకొకరు ఉండాలి, ఇంట్లో ఒకరికి లైవ్ లొకేషన్ పంపించాలి. ఇది ఆడపిల్లవని చెప్పే మాట కాదు, ఈ వయసులో నేను కూడా అక్కడికి జత లేకుండా పోను, పడి కాలు మెలికపడితే లేపేవాళ్లు కావాలి.

శనివారం లోపు పంపు, ట్యూబు, టైరు ఊడదీసే లివర్లు కొని ఇంట్లోనే ఒకసారి వెనక చక్రం ఊడదీసి మళ్లీ బిగించు. చైన్ దగ్గర తికమక పడితే వీడియో కాల్ చెయ్, నేను చెప్తాను.

అత్తయ్య