పన్ను బాకీతో వచ్చినవాళ్ల విషయంలో

చిరంజీవి సుధకు,

బాబాయి ఆశీస్సులు. వచ్చే నెల నుంచి ఆఫీసు నువ్వూ తమ్ముడూ చూసుకుంటారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. రిటర్నులు వేయడం, ఆడిట్ రిపోర్టులు రాయడం మీకు కొత్త కాదు. పన్ను బాకీతో వచ్చేవాళ్ల సంగతి మాత్రం వేరు. అందుకే ఈ ఉత్తరం.

బాకీ ఉన్న మనిషి నోటీసు వచ్చిన రోజు రాడు. బ్యాంకు ఖాతా ఆగిపోయిన రోజు వస్తాడు. కవరు కూడా చింపకుండా సంచిలో వేసుకొచ్చేవాళ్లున్నారు. "ఇన్నాళ్లూ ఏం చేశారండీ?" అని మాత్రం అడగొద్దు. అడిగితే సగం సంగతులు దాచేస్తారు. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, కాగితాలన్నీ తేదీల వరసలో బల్ల మీద పేర్చు. ఏ గడువు దాటింది, ఏది ఇంకా మిగిలింది అన్నది అక్కడే తెలిసిపోతుంది.

ఎలా కట్టాలన్నది తర్వాత. అసలు ఆ బాకీ ఉందా లేదా అన్నది ముందు తేల్చు. ఒక రిటైర్డ్ టీచరమ్మ లక్షకు పైగా డిమాండుతో, అంటే అంత పన్ను కట్టమన్న నోటీసుతో, మన దగ్గరికి వచ్చారు. గాజులు తాకట్టు పెట్టి కట్టేస్తానన్నారు. 26ఏఎస్ (ఎవరి పేరున ఎంత పన్ను జమైందో చూపే పట్టిక) తీసి చూస్తే, ఆవిడ ఎప్పుడో కట్టేసిన పన్ను తర్వాతి ఏడాది లెక్కలో ఉంది. 2021-22 ఆదాయానికి అసెస్‌మెంట్ సంవత్సరం, అంటే పన్ను లెక్క తేల్చే ఏడాది, 2022-23. చలానా నింపిన కుర్రాడు 2023-24 నొక్కాడు. చలానా సరిచేయించి, ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 154 కింద రెక్టిఫికేషన్ (తప్పు సవరణ) అర్జీ పెడితే డిమాండు సున్నా అయింది. ఇలాంటిదే ఇంకొకటి: జీతంలోంచి టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోసుకుని యజమాని జమ చేయని కేసు. కోసిన మేరకు ఉద్యోగి నుంచి మళ్లీ వసూలు చేయకూడదని సెక్షన్ 205 స్పష్టంగా చెబుతోంది. పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి ఆదాయపు పన్ను పోర్టల్‌లో డిమాండుకు 'ఒప్పుకోను' అని జవాబు పెట్టించు. జవాబివ్వకుండా వదిలేస్తే తర్వాతి ఏడాది రిఫండులోంచి పట్టుకుంటారు.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కదా, పాత సెక్షన్ నంబర్లు ఎందుకని తమ్ముడు అనొచ్చు. పాత సంవత్సరాల బాకీలు 1961 చట్టం కిందే నడుస్తాయి. మన బీరువాలో ఉన్నవి ఎక్కువ అవే.

బాకీ నిజమేనని తేలితే మొత్తాన్ని అసలు, వడ్డీ, పెనాల్టీ అని మూడుగా విడదీసి తెల్లకాగితం మీద రాసి చూపించు. జనం భయపడేది ఆ మొత్తం చూసే. డిమాండు నోటీసు గడువు మామూలుగా 30 రోజులు. అది దాటాక ఆదాయపు పన్ను వాళ్లు వేసేది నెలకు నూటికి రూపాయి వడ్డీ. నాలుగు లక్షల మీద నెలకు నాలుగు వేలు. నెలలో ఒక్కరోజు గడిచినా నెలంతా లెక్కే. జీఎస్టీలో ఏడాదికి 18 శాతం, అంటే నెలకు నూటికి రూపాయిన్నర. ఈ లెక్క తెలియక, డిపార్టుమెంటు భయంతో బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టేవాళ్లను చూస్తే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. వాయిదాలు అడిగే హక్కు వాళ్లకుంది. ఆదాయపు పన్నులో సెక్షన్ 220(3) కింద అధికారికి అర్జీ పెట్టాలి. జీఎస్టీలో డీఆర్‌సీ-20 అనే వాయిదాల దరఖాస్తు వేస్తే కమిషనరు 24 నెలల వరకు వాయిదాలివ్వొచ్చు. రిటర్నులో తామే చూపించి కట్టని పన్నుకు మాత్రం ఆ వెసులుబాటు లేదు.

డిమాండు మీద అప్పీలుకు వెళ్తే, ఆదాయపు పన్నులో 20 శాతం కట్టమని 2017 నుంచి సీబీడీటీ (ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు) సూచన ఉంది. అది శిలాశాసనం కాదు, అంతకంటే తక్కువ కట్టించుకుని కూడా అధికారి స్టే ఇవ్వొచ్చని, అంటే మిగతా వసూలు ఆపొచ్చని, 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. క్లయింటు చేతిలో నిజంగా డబ్బు లేకపోతే ఆ సంగతి కాగితాలతో రుజువు చేసి అడుగు. జీఎస్టీ అప్పీలు గడువు మూడు నెలలు, సరైన కారణం చూపిస్తే ఇంకో నెల, అంతే. ఆ తర్వాత హైకోర్టుకు పోదాంలే అనుకోవద్దు. జీఎస్టీకి ముందున్న వ్యాట్ కాలం నాటి కాకినాడ ఎల్‌టీయూ (పెద్ద పన్ను చెల్లింపుదారుల విభాగం) కేసులో 2020లో సుప్రీంకోర్టు ఆ దారి దాదాపు మూసేసింది. జీఎస్టీ పోర్టల్‌లో ఆర్డర్లు కొన్ని మామూలు నోటీసుల్లో కనిపించవు, 'అడిషనల్ నోటీసెస్ అండ్ ఆర్డర్స్'లో పడి ఉంటాయి. ప్రతి సోమవారం పొద్దున ప్రతి క్లయింటు ఖాతానూ తెరిచి చూడండి. పోర్టల్‌లో క్లయింటు ఫోన్ నంబరే ఉండాలి. మన గుమాస్తా నంబరు పెడితే, అతను మానేసిన రోజు ఓటీపీలు కూడా అతనితోనే పోతాయి.

ఇంటి ఆఫీసు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. క్లయింటు పన్ను డబ్బు మన ఖాతాలోకి రాకూడదు, ఒక్కపూట కోసమైనా సరే. చలానా వాళ్ల ఖాతా నుంచే పోవాలి. "పైన మాట్లాడి తగ్గించండి, ఎంతైనా ఇస్తాం" అనేవాళ్లకు అలాంటి పని మనం చేయబోమని మొదటిరోజే చెప్పు. తగ్గించిన దాంట్లో వాటా కింద ఫీజు వద్దు, పనికి తగ్గ ఫీజు ముందే చెప్పి తీసుకో. ఒకరి బాకీ సంగతి భోజనాల దగ్గర మీ అమ్మ ముందు కూడా ఎత్తొద్దు. మన ఊళ్లో అందరికీ అందరూ చుట్టాలే. ఆ మాట పెళ్లి సంబంధాల దాకా పోతుంది.

హార్డ్‌వేర్ షాపు వాళ్ల డీఆర్‌సీ-20 వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి. ఒక్కటి తప్పినా మిగిలిన మొత్తం ఒకేసారి మీద పడుతుంది, మళ్లీ నోటీసు కూడా ఇవ్వరు. గడువుకు నాలుగు రోజుల ముందు నువ్వే ఫోన్ చెయ్యి. ఫోనెత్తకపోతే తమ్ముణ్ణి షాపుకే పంపు.

మీ
బాబాయి