మై బ్లడీ వాలెంటైన్ మొదటి ఆల్బమ్‌లో మాటలు ఎందుకు సరిగ్గా వినపడవు?

'ఈజంట్ ఎనీథింగ్'లో గొంతు గిటార్ల కింద మునిగిపోతోంది, లోపం రికార్డింగ్‌దా, నా ఇయర్‌ఫోన్స్‌దా అని బరంపురం నుంచి ఒకరు అడిగారు. ఫ్రెండ్ అకౌస్టిక్ గిటార్ మీద ఈ శబ్దం వస్తుందా అని కూడా అడిగారు. రికార్డింగూ, ఇయర్‌ఫోన్సూ రెండూ బాగానే ఉన్నాయండీ. కావాలనే అలా మిక్స్ చేశారు.

డబ్లిన్‌లో పుట్టిన ఈ బ్యాండ్ మొదటి పూర్తి స్థాయి ఆల్బమ్ ఇది. 1988లో క్రియేషన్ రికార్డ్స్ విడుదల చేసింది. బిలిండా బుచర్, కెవిన్ షీల్డ్స్ గొంతులు ఇందులో మరో వాయిద్యం లాంటివే. తెలుగైనా ఒడియా అయినా సినిమా పాటలో గాయకుడే ముందుంటాడు కాబట్టి, ఆ చెవికి మొదట చిరాకేస్తుంది.

అసలు విశేషం గిటార్‌లో ఉంది. షీల్డ్స్ ట్రెమొలో ఆర్మ్‌ని (తీగల బిగువు మార్చే చిన్న కడ్డీ) చేత్తో పట్టుకునే తీగలు మీటుతాడు. దాంతో శ్రుతి నిలకడగా ఉండదు, మీ బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో మైకు గాలివాటుకి దూరం నుంచి వినపడినట్టు ఊగుతుంది. రివర్స్ రివర్బ్ (ప్రతిధ్వనిని తిరగేసి వినిపించే ఎఫెక్ట్) తోడై మీటు పదును కూడా మెత్తబడుతుంది. డ్రమ్స్ మాత్రం గట్టిగానే కొడతాయి, నాకు నచ్చేది ఆ తేడాయే.

మీ ఫ్రెండ్ అకౌస్టిక్ గిటార్ మీద ఈ జారుడు రాదు. ఆర్మ్ ఉన్న ఎలక్ట్రిక్ గిటార్ కావాలి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి, ఉత్త గోలలా ఉంటుంది.